కప్పు గెలవాలంటే గొప్ప గోలీ ఉండాల్సిందేనా?

అందరికీ నమస్కారం. ఈరోజు ఐస్ హాకీ గురించి మాట్లాడుకుందాం.

ముందు ఒక లెక్క చెప్తాను. ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో రెగ్యులర్ సీజన్ మొత్తం మీద అందరికంటే బాగా ఆడిన గోలీకి, అంటే గోల్‌కీపర్‌కి, వెజీనా ట్రోఫీ ఇస్తారు. ఓట్లు వేసేది జట్ల జనరల్ మేనేజర్లే. అంటే గోలీలను తెచ్చుకునేవాళ్లు, వదిలించుకునేవాళ్లు, వాళ్లకి జీతాలు ఖరారు చేసేవాళ్లు. గోలీల విలువ వాళ్లకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? సరే, 2006 నుంచి 2025 దాకా 20 సీజన్లు తీసుకోండి. వెజీనా గెలిచిన గోలీ అదే ఏడాది తన జట్టుతో లీగ్ ఛాంపియన్‌కి దక్కే స్టాన్లీ కప్ కూడా గెలిచింది ఎన్నిసార్లు? ఒక్కసారి. 2011లో బోస్టన్ గోలీ టిమ్ థామస్. ఇంకెవరూ లేరు.

అయినా ప్రతి ఏప్రిల్‌లో ప్లేఆఫ్స్ (సీజన్ తర్వాత జరిగే నాకౌట్ పోటీలు, ఒక్కో రౌండ్ సిరీస్‌లో ముందు నాలుగు మ్యాచ్‌లు గెలిచినవాళ్లు ముందుకెళ్తారు) మొదలవగానే టీవీ స్టూడియోల్లో అదే మాట వినిపిస్తుంది. గొప్ప గోలీ లేకపోతే కప్పు రాదట. ఏ జట్టు ఓడినా ముందు నింద గోలీ మీదే పడుతుంది, గెలిస్తే ఆయన్ని దేవుణ్ణి చేస్తారు. నేను దీనికి ఒప్పుకోను. గోలీ ముఖ్యం కాదని అనట్లేదు. అత్యంత ముఖ్యమైన స్థానం అదే కావచ్చు. కానీ ముఖ్యమైన స్థానం వేరు, ఆ స్థానంలో లీగ్‌లోకెల్లా గొప్పవాణ్ణి పెట్టి తీరాలనడం వేరు. నా ఉద్దేశంలో గొప్ప గోలీ జట్టుని ప్లేఆఫ్స్ దాకా నమ్మకంగా తీసుకెళ్తాడు. అక్కడి నుంచి కప్పు దాకా తీసుకెళ్లేది ఎక్కువగా ఆయన ముందు ఆడే 18 మంది. వాళ్లతో పాటు కొంత అదృష్టం.

కొత్తగా చూసేవాళ్ల కోసం రెండు ముక్కలు. హాకీ అనగానే మనకి గుర్తొచ్చేది గడ్డి మీద, టర్ఫ్ మీద ఆడే హాకీ. గోలీ అనగానే శ్రీజేష్. పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో పది మందితో మిగిలిన భారత్‌ని బ్రిటన్ మీద షూటౌట్ దాకా నిలబెట్టి గెలిపించాడు కదా, ఆయనే. అక్కడ గోల్‌పోస్ట్ వెడల్పు 12 అడుగులు, ఎత్తు 7 అడుగులు. ఐస్ హాకీలో గోల్ 6 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు మాత్రమే. ప్యాడ్లన్నీ కట్టుకున్నాక గోలీ దాన్ని దాదాపు మూసేస్తాడు. బంతి ఉండదు, మూడు అంగుళాల రబ్బరు పక్ ఉంటుంది. గట్టిగా కొడితే గంటకి 150 కిలోమీటర్ల వేగం దాటుతుంది. ఒక్కో జట్టు మ్యాచ్‌కి సుమారు 30 షాట్లు గోల్ మీదకి కొడుతుంది. గోలీ వాటిలో ఎన్ని ఆపాడన్నదే సేవ్ పర్సంటేజ్. ఈ మధ్య లీగ్ సగటు 90 శాతం దగ్గర ఉంది. పదేళ్ల క్రితం 91.5 దగ్గర ఉండేది. 92 దాటితే వెజీనా కబుర్లు మొదలవుతాయి. ఈ అంకెలు గుర్తుపెట్టుకోండి, మళ్లీ పని పడుతుంది.

ఇక 2022 కోలరాడో అవలాంచ్ సంగతి. నా వాదనకి ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు, అందుకే కొంచెం తీరిగ్గా చెప్తాను.

ఆ జట్టు గోలీ డార్సీ కెంపర్. మంచి గోలీయే, కానీ లీగ్‌లో మొదటి ఐదుగురి పేర్లు చెప్పమంటే ఎవరి నోటా ఆయన పేరు వచ్చేది కాదు. ప్లేఆఫ్స్ మొదటి రౌండ్‌లోనే నాష్‌విల్‌తో ఆడుతుంటే ప్రత్యర్థి స్టిక్ ఆయన మాస్క్ సందులోంచి దూరి కంటి దగ్గర తగిలింది. రెండో గోలీ పావెల్ ఫ్రాన్సూజ్ దిగాడు, గెలిచారు. కెంపర్ తిరిగొచ్చాడు. సెమీఫైనల్ లాంటి వెస్టర్న్ ఫైనల్లో, ఎడ్మంటన్‌తో మొదటి మ్యాచ్‌లోనే మళ్లీ బయటికి వెళ్లాల్సి వచ్చింది. ఆ మ్యాచ్ స్కోర్ ఎంతో తెలుసా? 8-6. హాకీ స్కోరేనా అనిపిస్తుంది. కోలరాడో గోలీలిద్దరూ కలిసి ఆరు గోల్స్ ఇచ్చారు, అయినా గెలిచారు. తర్వాతి మూడు మ్యాచ్‌లూ ఫ్రాన్సూజే ఆడాడు, ఎడ్మంటన్‌ని 4-0తో ఇంటికి పంపారు. ఆ ప్లేఆఫ్స్‌లో ఫ్రాన్సూజ్ ఖాతాలో పడ్డ మ్యాచ్‌లు ఆరు, ఆరూ గెలుపులే. మూడు జట్లని దాటేసరికి ఆ జట్టు ఇద్దరు గోలీలని వాడేసింది. ఎవరు నిలబడ్డా పెద్ద తేడా కనపడలేదు.

ఫైనల్లో అవతలి వైపు ఎవరున్నారు? టాంపా బే లైట్నింగ్, వాళ్ల గోల్ ముందు ఆండ్రీ వసిలెవ్‌స్కీ. అప్పటికి వరసగా రెండు కప్పులు గెలిచి, అంతకుముందు ఏడాది ప్లేఆఫ్స్‌లో అత్యుత్తమ ఆటగాడికి ఇచ్చే కాన్ స్మైత్ ట్రోఫీ కూడా తీసుకున్న మనిషి. గోలీయే కప్పు తెస్తాడంటే ఆ సిరీస్ ఫలితం ముందే రాసిపెట్టుకోవచ్చు. ఏమైంది? రెండో మ్యాచ్‌లో కోలరాడో వసిలెవ్‌స్కీ మీద ఏడు గోల్స్ కొట్టింది, 7-0. ఆరో మ్యాచ్‌లో 2-1తో కప్పు ఎత్తుకెళ్లింది. ఆ ప్లేఆఫ్స్ మొత్తానికి వసిలెవ్‌స్కీ సేవ్ పర్సంటేజ్ 92.2, కెంపర్‌ది 90.2. ప్రతి వంద షాట్లకి రెండు ఎక్కువ ఆపినవాడు ఓడిపోయాడు.

ఎందుకు? కోలరాడో మ్యాచ్‌కి సగటున నాలుగుకి పైగా గోల్స్ కొడుతోంది. నేథన్ మకినన్, మిక్కో రాంటనెన్ ముందు వరసలో ఉన్నారు. డిఫెన్స్‌లో కేల్ మకార్, 20 మ్యాచ్‌ల్లో 29 పాయింట్లు (కొట్టిన గోల్స్, కొట్టించిన గోల్స్ కలిపి). కాన్ స్మైత్ ఆయనకే వచ్చింది. అన్నిటికంటే ఆ చివరి మ్యాచ్ మూడో పీరియడ్ చూడండి. ఒక గోల్ వెనకబడి, చావో రేవో అని ఆడుతున్న టాంపా 20 నిమిషాల్లో గోల్ మీదకి కొట్టగలిగిన షాట్లు ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పక్ కెంపర్ దాకా రానేలేదు. నాకు తెలిసి గోలీకి అంతకంటే పెద్ద సాయం లేదు.

తర్వాత కోలరాడో ఏం చేసింది? కప్పు గెలిపించిన గోలీని ఉంచుకుందా? లేదు. ఆ వేసవిలోనే కెంపర్ వాషింగ్టన్‌కి వెళ్లిపోయాడు. 2010లో షికాగో కూడా ఇంతే చేసింది. కప్పు గెలిచిన గోలీ ఆంటీ నీమీకి మధ్యవర్తి 27.5 లక్షల డాలర్లు ఇవ్వమని తేలిస్తే, మాకొద్దని వదిలేశారు. శాలరీ క్యాప్‌లో (జట్టు మొత్తం జీతాలకి లీగ్ పెట్టిన పరిమితి) చోటు లేక, కేన్, టేవ్స్, కీత్ లాంటి స్టార్లని కాపాడుకోవాలనుకున్నారు. తర్వాత వేరే గోలీతో 2013లో ఒకటి, 2015లో ఇంకొకటి గెలిచారు. గోలీ మారాడు, ముందు ఆడే మూలస్తంభాలు మారలేదు.

2023 వేగస్ కథ ఇంకా తమాషాగా ఉంటుంది. ఆ సీజన్‌లో గాయాల దెబ్బకి ఐదుగురు గోలీలని ఆడించారు. ప్లేఆఫ్స్ మొదలయ్యేసరికి లారెంట్ బ్రోసా ఉన్నాడు. రెండో రౌండ్ మధ్యలో ఆయనకీ గాయం. అప్పుడు దిగినవాడు ఏడిన్ హిల్. సీజన్‌కి ముందు ఆగస్టులో శాన్ హోసే నుంచి ఒక నాలుగో రౌండ్ డ్రాఫ్ట్ పిక్ (కొత్త కుర్రాళ్లని ఎంచుకునే వంతు) ఇచ్చి తెచ్చుకున్నారు. అంటే చిల్లర ఖర్చు. ఆ హిల్ వచ్చి 93.2 శాతం షాట్లు ఆపి కప్పు గెలిపించాడు. నాలాంటి డాలస్ అభిమానులకి ఈ పేరు వింటేనే కడుపు మండుతుంది, వెస్టర్న్ ఫైనల్లో మనకి రెండుసార్లు సున్నా చుట్టింది ఈయనే.

మీరు అడగొచ్చు. హిల్ అద్భుతంగా ఆడాడు కాబట్టే కదా వేగస్ గెలిచింది, మరి గోలీ ముఖ్యం కాదా అని. నిజమే. అసలు తిరకాసు ఇక్కడే ఉంది. రెండు నెలలు గొప్పగా ఆడటం వేరు, గొప్ప గోలీ కావడం వేరు. ఈ తేడా అర్థం కావాలంటే కాస్త గణితం కావాలి. భయపడకండి, బడి లెక్కే.

ఒక మామూలు మంచి గోలీ వందలో 91 ఆపుతాడనుకుందాం. ఎలీట్ గోలీ 92. కప్పు దాకా వెళ్లాలంటే 20 మ్యాచ్‌ల పైన ఆడాలి. మ్యాచ్‌కి 30 చొప్పున 600 షాట్లు వేసుకోండి. మామూలు గోలీ 54 గోల్స్ ఇస్తాడు, ఎలీట్ గోలీ 48. రెండు నెలలకి తేడా ఆరు గోల్స్. ఇప్పుడు అదృష్టం లెక్క. ఆ మామూలు గోలీ ప్రతిభలో ఏ మార్పూ లేకుండా, కేవలం పక్ ఎవరి కాలికి తగిలి ఎటు తిరిగిందన్న దాన్ని బట్టి, 600 షాట్లలో ఇచ్చే గోల్స్ 54కి అటూ ఇటూ ఏడు దాకా మారడం మామూలే. 47 కావచ్చు, 61 కావచ్చు. మూడింట ఒక వంతు సార్లు అంతకంటే కూడా దూరం పోతుంది. అంటే ప్రతిభ వల్ల వచ్చే తేడా ఆరు, అదృష్టం వల్ల వచ్చే తేడా ఏడు. ఇది నాలుగు రౌండ్లకి. ఒకే సిరీస్ చూస్తే, ఆరు మ్యాచ్‌లు, 180 షాట్లు, ప్రతిభ తేడా రెండు గోల్స్ లోపే, అదృష్టం తేడా నాలుగు గోల్స్. ప్రతిభ కంటే రెట్టింపు.

అదే సీజన్ మొత్తం తీసుకోండి. 60 మ్యాచ్‌ల దాకా ఆడే గోలీ 1700 షాట్లు ఎదుర్కొంటాడు. అక్కడ ప్రతిభ తేడా 17 గోల్స్, అదృష్టం తేడా 12 దగ్గర. అక్కడ నిజమైన గొప్పతనం బయటపడుతుంది. అందుకే వెజీనా ట్రోఫీ సరైనవాళ్లకే వెళ్తుంది, అయినా కప్పు ఇంకెవరికో వెళ్తుంది. ఇందులో మాయేమీ లేదు. షాట్లన్నీ ఒకేలా ఉండవు, గోల్ ముందు నుంచి కొట్టేది వేరు, దూరంగా నీలి గీత దగ్గర నుంచి కొట్టేది వేరు, కాబట్టి ఈ లెక్క మరీ సరళం. ఒప్పుకుంటాను. కానీ షాట్ల నాణ్యతని కలుపుకుంటే డిఫెన్స్ ప్రాముఖ్యం ఇంకా పెరుగుతుంది కానీ తగ్గదు.

లెక్కలు వద్దు, మనుషుల్ని చూపించు అంటారా? విన్నిపెగ్ గోలీ కానర్ హెల్లెబక్. 2020, 2024, 2025, మూడు వెజీనాలు. 2025లో లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడిగా హార్ట్ ట్రోఫీ కూడా. ఆ ఏడాది జట్టు రెగ్యులర్ సీజన్‌లో అందరికంటే ముందు నిలిచింది. ప్లేఆఫ్స్‌లో సెయింట్ లూయిస్‌తో మొదటి రౌండ్‌లో వాళ్ల ఊళ్లో ఆడిన మూడు మ్యాచ్‌ల్లోనూ ఆయన్ని మధ్యలోనే బయటికి తీసేయాల్సి వచ్చింది. తర్వాతి రౌండ్‌లో డాలస్ మీద సొంత ఊళ్లో రెండు మ్యాచ్‌ల్లో ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. మూడు వారాల్లో ఒకే మనిషి ఆట ఇన్ని రకాలుగా ఉంది. కొందరు ఆయనకి ప్రెషర్ తట్టుకునే గుండె లేదంటారు. ఆ మాట నాకు నచ్చదు. 200 షాట్లు చూసి మనిషి గుండె కొలవడం ఏమిటి?

ఫ్లోరిడా గోలీ సెర్గీ బొబ్రోవ్‌స్కీ 2023 చూడండి. ప్లేఆఫ్స్ మొదలైనప్పుడు బెంచ్ మీద ఉన్నాడు. మధ్యలో దిగి, ఈస్టర్న్ ఫైనల్లో కరోలైనాని నాలుగుకి నాలుగు ఓడించినప్పుడు గోడలా నిలబడ్డాడు. నాలుగు ఓవర్‌టైమ్‌ల దాకా సాగిన మొదటి మ్యాచ్‌లో 63 షాట్లు ఆపాడు. అప్పుడు అందరూ అన్నారు, కప్పు ఈయన చేతిలోనే ఉందని. మూడు వారాలు తిరగకుండానే ఫైనల్లో వేగస్ ఐదు మ్యాచ్‌ల్లో ఫ్లోరిడా మీద 26 గోల్స్ కొట్టింది. చివరి మ్యాచ్ 9-3. మూడు వారాల్లో ఆయన ఆట మర్చిపోలేదు కదా.

సరే, అవతలి పక్షం మాట కూడా నిజాయితీగా వినాలి. వాళ్ల దగ్గర మూడు గట్టి పేర్లున్నాయి.

మొదటిది, ఇందాక చెప్పిన టిమ్ థామస్, 2011. ప్లేఆఫ్స్‌లో 94 శాతం. ఫైనల్లో వాంకూవర్ ఏడు మ్యాచ్‌ల్లో కొట్టిన గోల్స్ మొత్తం ఎనిమిది. ఆ ఏడాది రెగ్యులర్ సీజన్‌లో అందరికంటే ముందు నిలిచిన జట్టది. దాన్ని ఒక గోలీ అలా కట్టేశాడు. దీనికి నా దగ్గర జవాబు లేదనుకుంటున్నారా? ఆ సిరీస్ స్కోర్లు మళ్లీ చూడండి. వాంకూవర్ ఆ ఎనిమిది గోల్స్‌తోనే మూడు మ్యాచ్‌లు గెలిచింది. 1-0, 3-2, 1-0. గోలీ అంత గొప్పగా ఆడినా సిరీస్ ఏడో మ్యాచ్ దాకా వెళ్లింది. బోస్టన్ గెలిచిన నాలుగు మ్యాచ్‌ల్లో వాళ్లు కొట్టిన గోల్స్ 8, 4, 5, 4. ముందున్నవాళ్లు కొట్టిన రోజు కప్పు దగ్గరైంది, కొట్టని రోజు థామస్ ఒక్క గోల్ ఇచ్చినా ఓడిపోయారు.

రెండోది, జొనాథన్ క్విక్, 2012. లాస్ ఏంజలిస్ ఎనిమిదో సీడ్‌గా వచ్చి 16 గెలిచి నాలుగే ఓడింది. క్విక్ 94.6 శాతం. ఇది మాత్రం నేను తీసేసేది కాదు. గోలీ కప్పు గెలిపించాడంటే ఇదే. అయితే 2014లో అదే క్విక్ 91.1 శాతంతో మళ్లీ కప్పు గెలిచాడు. అప్పుడు జట్టు గోల్స్ కొట్టి గెలిచింది. ఒకే గోలీ, ఒకే జట్టు, రెండు కప్పులు, రెండు వేరు వేరు దారులు.

మూడోది వసిలెవ్‌స్కీ. నన్ను నిజంగా ఇబ్బంది పెట్టేది ఈయనే. 2020లో డాలస్‌ని ఓడించి కప్పు గెలిచిన మ్యాచ్‌లో ఒక్క గోల్ ఇవ్వలేదు. 2021లో నాలుగు రౌండ్లలోనూ సిరీస్ ముగించిన నాలుగు మ్యాచ్‌ల్లో ఒక్క గోల్ ఇవ్వలేదు. సిరీస్ తేలే మ్యాచ్ వచ్చిందంటే గోల్ తలుపు మూసేసినట్టే, అదీ వరసగా ఐదుసార్లు. దీన్ని కూడా అదృష్టం ఖాతాలో వేసేయడానికి నాకు మనసు ఒప్పదు. ఆ రెండేళ్లూ ఆయన ముందు హెడ్‌మన్, బ్రేడెన్ పాయింట్, కుచెరోవ్ లాంటి స్టార్లు ఉన్నారు నిజమే. అయినా సరే, ఆ ఐదు మ్యాచ్‌లు ఆయనవే. కానీ అదే వసిలెవ్‌స్కీతో టాంపా 2019లో 62 మ్యాచ్‌లు గెలిచి మొదటి రౌండ్‌లో 4-0తో ఇంటికెళ్లింది, ఆ ఏడాది వెజీనా ఆయనదే. 2023, 2024, 2025, మూడేళ్లూ మొదటి రౌండ్‌లోనే ఓడింది. ఎలీట్ గోలీ ఉంటే కప్పు ఖాయమైతే, ఈ నాలుగు ఓటములని ఏమనాలి?

ఇప్పుడు మన డాలస్ దగ్గరికి వద్దాం. ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లేనో వైపు ఉన్న మనవాళ్లకి ఈ భాగం నచ్చకపోవచ్చు. మన జట్టు డాలస్ స్టార్స్ ప్రాక్టీస్ చేసేది ఫ్రిస్కోలోనే, మన పిల్లలు స్కేటింగ్ నేర్చుకునే చోటే, కాబట్టి ఇది ఇంటి గొడవ.

2022 మే 15. కాల్గరీతో మొదటి రౌండ్ ఏడో మ్యాచ్. మన గోలీ జేక్ ఓటింజర్‌కి అప్పుడు 23 ఏళ్లు. ఆ రాత్రి 67 షాట్లు వచ్చాయి, 64 ఆపాడు. ఓవర్‌టైమ్‌లో జానీ గాడ్రో కొట్టిన గోల్‌తో 3-2గా ఓడిపోయాం. పాపం గాడ్రో ఇప్పుడు లేడు, 2024 ఆగస్టులో తమ్ముడితో కలిసి సైకిల్ మీద వెళ్తుంటే కారు గుద్దేసి ఇద్దరూ పోయారు. ఆ సిరీస్ మొత్తానికి ఓటింజర్ సేవ్ పర్సంటేజ్ 95.4. థామస్ కంటే ఎక్కువ, క్విక్ కంటే ఎక్కువ. దక్కిందేమిటి? మొదటి రౌండ్ ఓటమి. గోలీ ఇంతకంటే ఏం చేయగలడు? గోల్ కొట్టడం ఆయన పని కాదు కదా.

2025 మే 29. ఎడ్మంటన్‌తో వెస్టర్న్ ఫైనల్ ఐదో మ్యాచ్. ఓడితే ఇంటికే. మొదటి ఏడు నిమిషాల్లో రెండు షాట్లు వచ్చాయి, రెండూ గోల్స్. కోచ్ పీట్ డిబోర్ ఓటింజర్‌ని బయటికి తీసేశాడు. మ్యాచ్ 6-3తో పోయింది. తర్వాత ప్రెస్‌తో మాట్లాడుతూ ఎడ్మంటన్ మీద ఓటింజర్ గత ఓటముల లెక్క తీశాడు. వారం తిరిగేసరికి కోచ్ ఉద్యోగమే పోయింది. అప్పుడు అందరూ ఓటింజర్ గురించే మాట్లాడారు, డిబోర్ గురించే మాట్లాడారు. కానీ ఆ సిరీస్‌లో రెండు, మూడు, నాలుగో మ్యాచ్‌ల్లో డాలస్ కొట్టిన గోల్స్ చూడండి. సున్నా, ఒకటి, ఒకటి. మూడు మ్యాచ్‌లకి రెండు గోల్స్. హషెక్ లాంటి పాతతరం దిగ్గజ గోలీని తెచ్చి నిలబెట్టినా అవి గెలిచే మ్యాచ్‌లు కావు. తర్వాతి సీజన్ నుంచి ఏటా 82.5 లక్షల డాలర్లు తీసుకోబోయే గోలీ మీద పడ్డ నిందలో సగమైనా ఆ మూడు రాత్రులూ గోల్ కొట్టలేనివాళ్ల మీద పడాల్సింది.

అలాగని ఎవరినైనా నిలబెట్టొచ్చా అంటే, అదీ కాదు. నా వాదనకి హద్దు ఎక్కడుందో ఆ ఎడ్మంటనే చూపించింది. డాలస్‌ని ఓడించిన ఆ జట్టు అంతకుముందే మొదటి రౌండ్‌లో స్టూవర్ట్ స్కిన్నర్‌ని పక్కన పెట్టి కాల్విన్ పికార్డ్‌ని దింపింది. పికార్డ్ ఆరు గెలిచాక గాయపడితే మళ్లీ స్కిన్నర్. ఫైనల్లో ఫ్లోరిడాతో మూడో మ్యాచ్‌లో స్కిన్నర్ బయటికి, నాలుగో మ్యాచ్‌లోనూ బయటికి, ఐదో మ్యాచ్‌కి పికార్డ్, ఆరో మ్యాచ్‌కి మళ్లీ స్కిన్నర్. మెక్‌డేవిడ్, డ్రైసైటిల్ లాంటి ఇద్దరు ముందుండి కూడా ప్రతి రాత్రీ గోల్ దగ్గర ఎవరుంటారో, మొదటి షాట్ లోపలికి పోతుందేమో అని జట్టంతా టెన్షన్ పడుతుంటే ఆట సాగదు. ఎలీట్ అక్కర్లేదు కానీ కనీస స్థాయి అనేది ఒకటుంటుంది, దాని కిందకి జారితే ఎంతటి జట్టైనా మునుగుతుంది. సగటు గోలీ కావాలి. నమ్మదగిన సగటు. ఆ కనీస స్థాయిని కెంపర్ 2022లో దాటాడు, ఎడ్మంటన్ గోలీలు 2025లో దాటలేదు. అంతే తేడా.

ఇంకో సంగతి. ఎవరు ఎలీట్ అవుతారో ముందుగా కనిపెట్టగలిగితే నా వాదన కొంచెం బలహీనపడేది. కనిపెట్టలేరు. హెల్లెబక్‌ని డ్రాఫ్ట్‌లో 130వ స్థానంలో తీసుకున్నారు. థామస్‌ని 217వ స్థానంలో. బొబ్రోవ్‌స్కీని అసలు ఎవరూ తీసుకోలేదు. 2019 జనవరి మొదట్లో సెయింట్ లూయిస్ లీగ్‌లో ఆఖరి స్థానంలో ఉంది. వాళ్ల గోలీల వరసలో ఎక్కడో కింద ఉన్న జోర్డన్ బినింగ్టన్‌ని దింపారు. మొదటి నుంచి గోల్ ముందు నిలబడ్డ తొలి మ్యాచ్‌లోనే ఒక్క గోల్ ఇవ్వలేదు. జూన్‌లో బోస్టన్‌లో ఏడో మ్యాచ్ గెలిచి కప్పు ఎత్తాడు. ఆ ఫైనల్లో అవతలి వైపున్న టూకా రాస్క్ అప్పటికే ఒక వెజీనా గెలిచినవాడు. 2025 ఫిబ్రవరిలో నాలుగు దేశాల టోర్నమెంట్ ఫైనల్లో అదే బినింగ్టన్ కెనడా గోల్ ముందు, హెల్లెబక్ అమెరికా గోల్ ముందు. కెనడాకి గోలీయే బలహీనత అని టోర్నమెంట్ అంతా అన్నారు. ఓవర్‌టైమ్‌లో కెనడా గెలిచింది, 3-2.

చివరగా డబ్బు. శాలరీ క్యాప్ ఉన్న లీగ్‌లో గోలీ ప్రశ్న నిజానికి డబ్బు ప్రశ్నే. 2025-26కి క్యాప్ 9.55 కోట్ల డాలర్లు. గోలీకి ఎక్కువ ఇస్తే ఇంకొకరికి తగ్గించాలి. ఫ్లోరిడా బొబ్రోవ్‌స్కీకి ఏడాదికి కోటి డాలర్ల చొప్పున ఏడేళ్లు రాసిచ్చింది, 2024లో, 2025లో వరసగా రెండు కప్పులు గెలిచింది. ఇది నా వాదనకి ఎదురు కాదా? కొంత ఎదురే. కానీ 2024లో ఆయన సేవ్ పర్సంటేజ్ 90.6. సగటు కంటే పిసరంత ఎక్కువ. ఆ ఫైనల్ నాలుగో మ్యాచ్‌లో ఆయన్ని కూడా మధ్యలో తీసేశారు. ఏడో మ్యాచ్‌లో 24 షాట్లకి 23 ఆపాడు, అది అక్షరాలా కోటి డాలర్ల రాత్రి. మిగతా రాత్రులు బార్కోవ్, కచక్, రైన్‌హార్ట్‌లవి, పక్ తమ సగంలోకే రానివ్వకుండా నొక్కి ఆడే ఆ పద్ధతిది.

ఇప్పుడు న్యూయార్క్ రేంజర్స్. ఎడిసన్, జెర్సీ సిటీ వైపు మనవాళ్లలో వీళ్ల అభిమానులు చాలామందే ఉంటారని నా అనుమానం. 2005 నుంచి 2020 దాకా గోల్ ముందు హెన్రిక్ లుండ్‌క్విస్ట్. ఆయన వెళ్తుండగానే ఇగోర్ షెస్టర్‌కిన్. ఇద్దరికీ చెరో వెజీనా. రెండు దశాబ్దాలుగా లీగ్‌లో మొదటి ఐదుగురు గోలీల్లో ఒకరు దాదాపు ప్రతి ఏడాదీ ఈ జట్టు దగ్గరే ఉన్నాడు. ఇంత అదృష్టం ఇంకో జట్టుకి లేదు. కప్పులు? చివరిది 1994. 2014లో ఫైనల్ దాకా వెళ్లి లాస్ ఏంజలిస్ చేతిలో ఐదు మ్యాచ్‌ల్లో ఓడారు, అందులో మూడు ఓవర్‌టైమ్‌లో. ఆఖరి రాత్రి లుండ్‌క్విస్ట్ 48 షాట్లు ఆపాడు. 2022లో, 2024లో ఈస్టర్న్ ఫైనల్ దాకా వెళ్లి ఆగిపోయారు. అప్పుడు 2024 డిసెంబర్‌లో షెస్టర్‌కిన్‌కి ఏడాదికి 1.15 కోట్ల డాలర్ల చొప్పున ఎనిమిదేళ్లు రాసిచ్చారు. ఏ గోలీకీ అంతకుముందు అంత ఇవ్వలేదు. ఆ సంతకం పెట్టిన సీజన్‌లోనే ప్లేఆఫ్స్‌కి కూడా చేరలేదు.

నేను ఆ కుర్చీలో ఉంటే ఆ డబ్బుని రెండుగా చీల్చేవాణ్ణి. 40, 50 లక్షల్లో నమ్మకమైన గోలీ ఒకడు, పక్కన అవసరమైతే 30 మ్యాచ్‌లు ఆడగల రెండోవాడు, మిగిలిన దాంతో మ్యాచ్‌కి 25 నిమిషాలు ఆడే డిఫెన్స్ ఆటగాడు. కోలరాడో చేసింది అదే, వేగస్ చేసింది దాదాపు అదే. రేంజర్స్ అభిమానులు ఎవరైనా ఉంటే ఒక పని చేయండి. షెస్టర్‌కిన్ ముందు ఎవరిని ఆడిస్తే 1994 తర్వాత మళ్లీ కప్పు వస్తుందో కామెంట్లో రాయండి. గోలీ పేరు మాత్రం రాయొద్దు, వాళ్లకి అది ఎప్పుడూ ఉంది.